కోడుకు వెలుపలి విద్య

హైదరాబాదులోని అమీర్‌పేట వీధుల్లో నడిచేవారికి గోడలు, స్తంభాలు, మేడమెట్లు అన్నీ ప్రకటన పలకలుగానే కనిపిస్తాయి. జావా, పైథాన్, డాట్‌నెట్, ఒరాకిల్, టెస్టింగ్ వంటి పేర్లు, వాటి పక్కన ఎన్ని రోజుల్లో నేర్పుతారో తెలిపే అంకెలు పెద్ద అక్షరాల్లో దర్శనమిస్తాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి తెలుగునాట ఒక తరం ఇటువంటి మెట్లు ఎక్కి దిగింది. ఎకరం పొలం కుదువపెట్టి కొడుకును పంపిన తండ్రులు, ఒంటిమీది బంగారం ఇచ్చి కూతురును పంపిన తల్లులు ఎందరో ఉన్నారు. వారి త్యాగం వృథా పోలేదు. ఆ పలకలమీది విద్య ఎన్నో ఇళ్లలో దీపం పెట్టింది.

అయితే ఆ పలకల మీద ఎన్నడూ కనిపించని విద్య మరొకటి ఉన్నది. దానికి నలభై రోజుల కోర్సు లేదు, ధ్రువపత్రమూ లేదు. ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకు, దాని లేమి మాత్రం స్పష్టంగా తెలిసివస్తుంది.

కోడు అనగా యంత్రానికి అర్థమయ్యే భాషలో వ్రాసిన ఆజ్ఞల వరుస. సాఫ్ట్‌వేరు ఇంజనీరు రోజంతా దానినే వ్రాస్తూ ఉంటాడని బయటివారు భావిస్తారు. వాస్తవానికి అతని పని దినంలో చాలా భాగం వేరే విధంగా గడుస్తుంది. ఏది నిర్మించాలో తెలుసుకోవడానికి మనుషులతో మాట్లాడవలసి ఉంటుంది. ఇతరులు వ్రాసి వదలిన కోడును చదవవలసి ఉంటుంది. తాను చేసిన మార్పు ఎందుకు చేశాడో రేపు వచ్చేవారి కోసం వ్రాసిపెట్టవలసి ఉంటుంది. ఇటువంటి నేర్పులకు ఆంగ్లంలో సాఫ్ట్ స్కిల్స్ అనే పేరు స్థిరపడింది. ఆ పేరు 1970ల తొలినాళ్లలో అమెరికా సైనిక శిక్షణ వర్గాలలో ప్రచారంలోకి వచ్చింది. యంత్రాలతో చేసే పనిని కఠిన నైపుణ్యమనీ, మనుషులతోనూ కాగితాలతోనూ చేసే పనిని మృదు నైపుణ్యమనీ వారు విభజించారు. ఆ పేరు పెట్టినవారు ఒక్క రోజైనా ఒక కార్యాలయాన్ని నడిపి ఉంటే ఏది మెత్తనో ఏది గట్టియో తారుమారు చేసి చెప్పేవారేమో!

ఈ విద్య లోపిస్తే ఏమవుతుందో చెప్పడానికి అంగారకుని దాకా వెళ్లిన ఉదంతం ఒకటి ఉన్నది. 1998 డిసెంబరు 11న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకను ప్రయోగించింది. దాని విలువ సుమారు 12.5 కోట్ల డాలర్లు. తొమ్మిది నెలలకు పైగా ప్రయాణించి 1999 సెప్టెంబరు 23న అది అంగారకుని సమీపించింది. గ్రహం వెనుకకు వెళ్లిన నౌక నుంచి మళ్లీ ఏ సంకేతమూ రాలేదు. దాదాపు 226 కిలోమీటర్ల ఎత్తులో సాగవలసిన ఆ నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకే దిగిపోయిందని తరువాత లెక్కల్లో తేలింది. 80 కిలోమీటర్ల కన్నా కిందికి పోతే ఆ వాతావరణంలో అది నిలువలేదు.

కారణం వింటే ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి సైతం నవ్వు వస్తుంది. నౌక తన చిన్న ఇంజన్లను మండించినప్పుడల్లా కలిగే ప్రేరణాన్ని భూమి మీది ఒక ప్రోగ్రాము లెక్కగట్టి ఒక ఫైలులో వ్రాసేది. నౌకను నిర్మించిన సంస్థ ఇచ్చిన ఆ ప్రోగ్రాము పౌండ్-సెకండ్లలో అంకెలు వ్రాసింది. మరో నగరంలో కూర్చొని నౌక మార్గాన్ని గణించేవారు వాటిని న్యూటన్-సెకండ్లుగా స్వీకరించారు. రెండింటికీ తేడా 4.45 రెట్లు. ప్రమాణాలు మెట్రిక్ పద్ధతిలో ఉండాలని ఒప్పంద పత్రంలో వ్రాసే ఉంది. అంటే ఆ పత్రాన్ని ఎవరో సరిగా చదవలేదన్నమాట.

ఇంతవరకు కథ అందరికీ తెలిసినదే. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఆగి, ప్రమాణాలు వ్రాయడం మరువరాదని విద్యార్థిని హెచ్చరిస్తాయి. విచారణ సంఘం మాత్రం అక్కడ ఆగలేదు. నౌక ప్రయాణంలో ఏదో తేడా ఉన్నదని మార్గ గణన బృందానికి నెలల ముందుగానే అనుమానం కలిగింది. లెక్కలు పొసగడం లేదని వారు తమలో తాము అనుకున్నారు, ఈమెయిళ్లలో మాట్లాడుకున్నారు. అసాధారణ విషయం కనిపించినప్పుడు నమోదు చేయవలసిన అధికారిక పద్ధతి ఒకటి ఉండగా, దాని ద్వారా ఆ అనుమానాన్ని నమోదు చేయలేదు. నమోదు కాని అనుమానానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిమీదా పడలేదు. చివరి రోజుల్లో మార్గాన్ని మరొకసారి సవరించే అవకాశం ఉండి కూడా వినియోగం కాలేదు. బృందాల మధ్య సంభాషణ లోపాన్ని విచారణ సంఘం ప్రమాదానికి దోహదపడిన కారణాల్లో ఒకటిగా పేర్కొన్నది.

తెలుగు విద్యార్థి ఈ భాగాన్ని మరికొంత నిదానంగా చదవాలి. అరవై మంది ఉన్న తరగతి గదిలో అధ్యాపకుడు "అర్థమైందా?" అని అడిగితే అరవై గొంతులు ఒక్కసారిగా "అర్థమైంది సార్" అంటాయి. అర్థం కాలేదని లేచి నిలబడిన ఒక్కడు తక్కిన యాభైతొమ్మిది మంది కళ్లలో మందమతి అవుతాడు. పదేళ్లపాటు ఇలా అలవాటైన మౌనం ఉద్యోగంలో చేరిన మరునాడే వదలిపోదు. సముద్రానికి ఆవలి నుంచి ఖాతాదారు ఫోనులో వేగంగా ఏదో వివరిస్తాడు. ఇవతలి నుంచి "ఎస్, ఎస్" అనే మాట వినిపిస్తుంది. ఆ "ఎస్" కు అర్థం "వింటున్నాను" అని మాత్రమే. అవతలివాడు దానిని "అర్థమైంది, చేస్తాను" అని స్వీకరిస్తాడు. పౌండ్లకూ న్యూటన్లకూ ఉన్నటువంటి తేడాయే ఇదీ. మూడు వారాల తరువాత తప్పుగా నిర్మించిన వస్తువు బయటపడినప్పుడు ఆ యువకుని తెలివినే అందరూ శంకిస్తారు. అతనికి కొరవడినది తెలివి కాదు. "క్షమించాలి, ఆ చివరి మాట మళ్లీ చెప్పండి" అని అడిగే ధైర్యం అతనికి ఎవరూ నేర్పలేదు.

అడగడం తరువాత వ్రాయడం. డచ్చి దేశపు కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1975లో వ్రాసిన ఒక లేఖనంలో ఆశ్చర్యకరమైన అభిప్రాయం వెలిబుచ్చాడు. సమర్థుడైన ప్రోగ్రామరుకు గణిత ప్రవృత్తితో పాటు అత్యంత ముఖ్యమైన ఆస్తి తన మాతృభాషపై అసాధారణమైన పట్టు అని ఆయన భావం. ఆంగ్లం మీద పట్టు అనలేదు, మాతృభాష మీద అన్నాడు. ఆయనకు మాతృభాష డచ్చి, వృత్తిభాష ఆంగ్లం. రెండింటి తేడా తెలిసే ఆ మాట అన్నాడు. ఒక ఆలోచనను చిక్కులు లేకుండా విడదీసి, ముందు చెప్పవలసినది ముందు, తరువాత చెప్పవలసినది తరువాత చెప్పగలగడం ఏ భాషలో అలవడినా మరో భాషలోకి వెంట వస్తుంది. తెలుగులో ఒక పేరా సక్రమంగా వ్రాయలేనివాడు ఆంగ్లంలో వ్రాయగలడని ఆశించడం అత్యాశ. ద్వితీయభాష తెలుగును మార్కులు సులభంగా వచ్చే సబ్జెక్టుగా మాత్రమే చూసేవారికి ఈ మాట కొంత రుచించకపోవచ్చు.

వ్రాత అవసరం ఎక్కడ ఎదురవుతుందో చూడాలంటే హైదరాబాదులోని ఏ సాఫ్ట్‌వేరు కార్యాలయానికైనా సాయంకాలం వెళ్లవచ్చు. భారతదేశానికీ న్యూయార్క్ నగరానికీ మధ్య కాల వ్యత్యాసం ఋతువును బట్టి తొమ్మిదిన్నర గంటలో, పదిన్నర గంటలో ఉంటుంది. ఇక్కడివారు ఇంటికి బయలుదేరే వేళకు అక్కడివారు పనిలోకి వస్తారు. వెళ్లేవాడు వచ్చేవానికి చీటీ వ్రాసి వెళ్లాలి. "పని చేయడం లేదు, చూడగలరు" అని వ్రాస్తే అవతలివాడు ఏమి చూడాలి? ఏది పని చేయడం లేదు, ఏ మీట నొక్కితే ఏమి జరగవలసి ఉండగా ఏమి జరిగింది, ఇప్పటికే ప్రయత్నించినవి ఏవి, మిగిలినవి ఏవి అని నాలుగు వాక్యాలు వ్రాస్తే ఒక రాత్రి కలిసివస్తుంది. వ్రాయకపోతే అవతలివాడు తన పగలంతా అవే ప్రశ్నలు వేస్తూ గడుపుతాడు. జవాబులు చెప్పవలసినవాడు ఇక్కడ నిద్రలో ఉంటాడు.

చదవడం గురించి రెండు మాటలు. 1990లలో తెలుగు యువకులు పెద్దసంఖ్యలో అమెరికా చేరడానికి వైటూకే సమస్య ఒక ద్వారం తెరిచింది. జ్ఞాపకశక్తి ఖరీదుగా ఉన్న రోజుల్లో సంవత్సరాన్ని రెండు అంకెలతో భద్రపరచిన పాత ప్రోగ్రాములు 2000 సంవత్సరం వస్తే దానిని 1900గా భావించే ప్రమాదం ఏర్పడింది. అక్కడ కొత్తగా వ్రాయవలసినది స్వల్పం. ఎవరో, ఎప్పుడో, ఏ వివరణా లేకుండా కోబాల్ భాషలో వ్రాసి పదవీ విరమణ చేసి వెళ్లిపోయిన వేల పంక్తులను ఓపికగా చదివి, తేదీ ఎక్కడ దాగి ఉన్నదో వెతకడమే అసలు పని. తెలుగువారు అమెరికాలో మొదట పేరు తెచ్చుకున్నది ఇతరుల వ్రాత చదవడంలోనే అంటే అతిశయోక్తి కాదు.

ఇక వాడుకరిని అర్థం చేసుకోవడం. మార్గరెట్ హామిల్టన్ 1960లలో అపోలో వ్యోమనౌకల కంప్యూటర్ ప్రోగ్రాములు రూపొందించిన బృందానికి నాయకురాలు. సెలవు రోజుల్లో ఆమె తన చిన్న కుమార్తెను ప్రయోగశాలకు తీసుకువెళ్లేది. ఒకనాడు ఆ పాప వ్యోమగామిలా ఆడుతూ మీటలు నొక్కి, నౌక ప్రయాణంలో ఉండగా ప్రయోగానికి పూర్వం వాడవలసిన పి-01 అనే ప్రోగ్రామును ఎంచుకున్నది. వ్యవస్థ కుప్పకూలింది. అలా జరగకుండా రక్షణ కోడు చేర్చాలని హామిల్టన్ కోరింది. శిక్షణ పొందిన వ్యోమగాములు అటువంటి పొరపాటు చేయరని పైవారు తోసిపుచ్చారు. ఆమె వాదన మానినా పని మానలేదు. ప్రయాణంలో పి-01ను ఎంచుకోరాదని పత్రాలలో ఒక సూచన వ్రాసిపెట్టింది. 1968 డిసెంబరులో అపోలో-8 చంద్రుని చుట్టి తిరిగి వస్తుండగా వ్యోమగామి జిమ్ లోవెల్ సరిగా అదే పొరపాటు చేశాడు. దిశకు సంబంధించిన సమాచారం చెరిగిపోయింది. దానిని తిరిగి సరిచేసుకొని నౌక క్షేమంగా వచ్చింది. ఆ తరువాత గాని ఆమె కోరిన రక్షణకు అనుమతి లభించలేదు. పసిపిల్ల చేసిన పొరపాటు పెద్దవాడూ చేయగలడని నమ్మడానికి గణితం అక్కరలేదు. మనిషి మీద కొంత గౌరవం, కొంత సానుభూతి ఉంటే చాలు.

ఇటువంటి ఊహ లోపించినప్పుడు కలిగే ఇక్కట్లు తెలుగువారికి కొత్తవి కావు. ఇంటిపేరు ముందుండే సంప్రదాయంలో పుట్టినవారిని, రెండే గడులున్న విదేశీ దరఖాస్తు తికమక పెడుతుంది. పాసుపోర్టులో ఒకే గడి నిండి, రెండవది ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పేరు స్థానంలో "ఎఫ్.ఎన్.యు." అనే అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. బాలసారెనాడు పదిమంది ఎదుట పేరు పెట్టించుకున్న మనిషికి పేరే తెలియదట! ఆ గడులు గీసినవారికి, ప్రపంచంలో అందరికీ తమకు ఉన్నట్లే రెండు భాగాల పేరు ఉంటుందనే నమ్మకం ఉండి ఉంటుంది.

లిపి విషయమూ అంతే. "స్త్రీ" అన్నది పలకమీద దిద్దే బిడ్డకు ఒకే అక్షరం. యూనికోడ్ పద్ధతిలో యంత్రానికి అది ఆరు సంకేతాలు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. పేరులో ఇరవై అక్షరాలకు మించరాదని నిబంధన పెట్టిన ప్రోగ్రామరు ఏ అక్షరాలు లెక్కిస్తున్నాడో తనకే తెలియకపోతే ఏ వాడుకరి పేరో సగంలో తెగిపోతుంది. 2018 ఫిబ్రవరిలో ఇంతకన్నా విచిత్రం జరిగింది. "జ్ఞా" అన్న తెలుగు అక్షరాన్ని ఒక కంటికి కనబడని సంకేతంతో కలిపి పంపిస్తే, దానిని చూపబోయి ఐఫోన్లలో సందేశాల అనువర్తనాలు మూతపడ్డాయి. ఆ నెల 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని కూల్చిందని అప్పట్లో తెలుగువారు చమత్కరించుకోవడానికి మంచి అవకాశం దొరికింది. నవ్వు సంగతి అలా ఉంచితే, ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషలోని సంయుక్తాక్షరం ఎలా ఏర్పడుతుందో పరీక్షించేవారికి తెలియడం వారి వృత్తిలో భాగమే. తెలుగు చదువుకున్న విద్యార్థి ఈ విషయంలో అక్కరకు వచ్చే మనిషి.

గడువుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఆలస్యమైన పనికి మరికొందరిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఐ.బి.ఎం. సంస్థలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ఒక గ్రంథంలో నిరూపించాడు. ఐదుగురు పనిచేసేచోట పరస్పరం మాట్లాడుకోవలసిన జంటలు 10. పదిమంది అయితే 45. కాబట్టి "వచ్చే శుక్రవారానికి అవుతుందా?" అని అధికారి అడిగినప్పుడు, కాదని తెలిసీ అవుతుందని చెప్పేవాడు వినయశీలి కాడు. కాదు అన్న మాటను గౌరవంగా, కారణాలతో, తొలినాడే చెప్పగలగడం కూడా విద్యే.

చేయరాని పనిని కాదనడం ఇంకా కష్టం. జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ కార్లలో, కాలుష్య పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి ఆ సమయంలో మాత్రమే పొగను అదుపులో ఉంచే సాఫ్ట్‌వేరు ఉన్నట్లు 2015లో బయటపడింది. దాదాపు 1.1 కోట్ల వాహనాలలో అది చేరింది. ఆ వ్యవహారంలో పాలుపంచుకున్న ఒక ఇంజనీరుకు 2017లో అమెరికా న్యాయస్థానం 40 నెలల జైలుశిక్ష విధించింది. పైవారు చెబితేనే చేశామన్న మాట శిక్షను ఆపలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, అడిగితే యంత్రమే కోడు వ్రాసి ఇచ్చే కాలం వచ్చింది. అమీర్‌పేట పలకల మీద కూడా కొత్త పేర్లు వెలిశాయి. కోడు వ్రాసే శ్రమ తగ్గినకొద్దీ ఏమి వ్రాయించాలో స్పష్టంగా చెప్పడం, వ్రాసినది చదివి తప్పు పట్టడం, దాని ఫలితానికి జవాబుదారీ వహించడం మనిషికే మిగిలాయి. ఇవి మూడూ పైన చెప్పిన విద్యలోనివే.

వీటన్నింటికీ మించి వినడం అనేది ఒకటున్నది. థెరాక్-25 అనేది కాన్సర్ రోగులకు వికిరణ చికిత్స చేసే యంత్రం. కెనడాలో తయారైంది. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు ఆరు సందర్భాల్లో అది రోగులకు ప్రమాదకరమైన మోతాదులో వికిరణాన్ని ఇచ్చింది. 1986 మార్చిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, టైలర్ పట్టణ ఆసుపత్రిలో యంత్రం నడిపే ఉద్యోగిని వివరాలు నమోదు చేస్తూ ఒక అక్షరానికి బదులు మరొకటి కొట్టింది. వెంటనే పైబాణం గుర్తున్న మీటతో వెనుకకు వెళ్లి దిద్దింది. తెరపై "లోపం 54" అని కనిపించింది. ఆ అంకెకు అర్థమేమిటో నడిపేవారికి ఇచ్చిన పుస్తకంలో లేదు. చిన్న చిన్న లోపాల సూచనలు రోజూ చూసేదే కనుక ఆమె చికిత్స కొనసాగించే మీట నొక్కింది. లోపలి గదిలో ఉన్న రోగి బాధతో తలుపు బాదాడు. కొన్ని నెలలకు ఆయన మరణించాడు.

తయారీదారుల ఇంజనీర్లు వచ్చి చూశారు. ఆ యంత్రం అధిక మోతాదు ఇవ్వడం అసాధ్యమన్నారు. విద్యుత్ ఘాతం తగిలి ఉండవచ్చన్నారు. అదీ కనిపించలేదు. యంత్రం మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఏప్రిల్ 11న మరో రోగికి అదే జరిగింది, అదే "లోపం 54" కనిపించింది. ఈసారి ఆసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడు యంత్రాన్ని ఆపివేసి, ఆ ఉద్యోగినిని వెంటబెట్టుకొని యంత్రం ముందు కూర్చున్నాడు. ఆరోజు ఏమి కొట్టావు, ఏ వరుసలో కొట్టావు అని అడిగాడు. ఆమెకు ప్రతి మీటా జ్ఞాపకం ఉన్నది. మళ్లీ మళ్లీ ప్రయత్నించగా రహస్యం దొరికింది. ఆరితేరిన చేతితో, తప్పును కొద్ది సెకండ్లలోనే దిద్దితే ఆ లోపం పుడుతుంది. తయారీదారుల ఇంజనీర్లు ఆ వరుసను తామూ చేసి చూసి, ఏమీ కనిపించలేదన్నారు. వేగంగా కొట్టమని ఆయన చెప్పిన తరువాత గాని వారికీ కనిపించలేదు. ఏడాది నుంచి ఆ యంత్రం గురించి వాడుకరులు చెబుతున్నది ఎవరో ఒకరు ఓపికగా కూర్చొని విన్నది అప్పుడే.

కొద్దిరోజులకు తయారీ సంస్థ నుంచి ఆ యంత్రాలున్న ఆసుపత్రులకు ఒక ఉత్తరం వెళ్లింది. పైబాణం గుర్తున్న మీట తొడుగును ఊడదీసి, లోపలి స్పర్శలు కలవకుండా విద్యుత్ టేపు అతికించాలని అందులో ఉన్నది. ఎందుకు తీయాలో, తీయకపోతే ఏమవుతుందో అందులో లేదు. ఆ ఉత్తరం చాలదని, ప్రమాదమేమిటో అందులో తెలుపలేదని అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ మే నెలలో అభ్యంతరం చెప్పవలసి వచ్చింది.